బెంగళూరులో ఇద్దరం ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని కొట్టకుండా, ప్లాస్టిక్ బొమ్మలూ ఫోనూ లేకుండా పెంచడం అయ్యే పనేనా?

అయ్యే పనేనండీ. కాకపోతే మీరు చెప్పిన ఆ పిల్లల పెంపకం వీడియోల్లో ఉన్నట్టు ఉండదు. వాటిలో తెల్లటి గోడ, చెక్క బొమ్మలు, నేత గౌనులో పాప, వెనక సన్నగా వీణ వినిపిస్తూ ఉంటుంది. మా ఇంట్లో సరిగ్గా అదే సమయానికి మిక్సీ, వాషింగ్ మెషీన్, కింద నీళ్ళ ట్యాంకర్ హారన్ ఒకేసారి మోగుతాయి. మీ పాపకు రెండేళ్ళని, మీవారికి ఇదంతా చాదస్తంగా అనిపిస్తోందని, "ఏదీ చేత్తో చేసి పెట్టలేకపోతున్నా, గిల్టీగా ఉంది" అని రాశారు. ఆ చివరి మాట చూసే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

మాది ఒంగోలు, మావారిది మదనపల్లె. తొమ్మిదేళ్ళుగా ఇక్కడే, హొరమావులో ఐదో అంతస్తులో అద్దెకుంటున్నాం. పాపకు ఆరేళ్ళు, బాబుకు మూడు నిండాయి.

పాపకు మూడో ఏడు వస్తున్నప్పుడు నాకు ఈ పిచ్చి గట్టిగా పట్టింది. ప్లాస్టిక్ బొమ్మలన్నీ సంచిలో మూటకట్టి అటకెక్కించాను. పుట్టినరోజుకు గుడ్డబొమ్మ నేనే కుట్టాలని చిక్‌పేటకు వెళ్ళి బట్ట తెచ్చాను. కూరడానికి పాత దిండు విప్పి బూరుగుదూది తీశాను. పిల్ల పడుకున్నాక రాత్రి పదింటికి కూర్చుంటే లేచేసరికి ఒంటిగంట. అలా నాలుగు రాత్రులు. ఐదో రోజు పొద్దున పాప పాలు ఒలకబోసింది. అర గ్లాసు, అంతే. నేను అరిచిన అరుపుకు పక్కింటి కుక్క మొరిగింది. పిల్ల ఏడవలేదు. మెల్లగా బల్ల కిందికి దూరి, మోకాళ్ళు దగ్గరికి తీసుకుని కూర్చుంది. పాలు తుడవడానికి వంగితే ఎదురుగా ఆ మొహం. పిల్లను సున్నితంగా పెంచాలని కుడుతున్న బొమ్మ కోసం నిద్ర మానుకుని, ఆ నిద్ర లేని చిరాకంతా పిల్ల మీదే చూపించానన్నమాట. ఇంతా చేస్తే, పుట్టినరోజునాడు ఆ బొమ్మతో ఓ పావుగంట ఆడి, మిగిలిపోయిన ఊలు ఉండ పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. పిల్లలు పడుకున్నాక చేయాల్సిన చేతిపనేదీ మా ఇంట్లో ఉండదు. వాళ్ళు మేలుకుని ఉండగా, వాళ్ళూ చేతులు పెట్టగలిగే పనైతే చేస్తాం. మిగతాది కొనుక్కుంటాం. దోసెల పిండి ప్యాకెట్ కొంటాను. బ్రెడ్డు కొంటాను. పాప స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ అంటే అద్దెకు తెస్తాను. ఈ విషయంలో నాకిప్పుడు ఏ మాత్రం సిగ్గు లేదు.

వాల్డార్ఫ్ తరహా స్కూల్ గురించి కూడా అడిగారు. మా పిల్లలు అలాంటి చోట చదవడం లేదు కాబట్టి బడి ఎలా ఉంటుందో చెప్పలేను. చెక్క, ఊలు, మైనం లాంటి సహజమైన వస్తువులతో ఆడించడం అన్న వాళ్ళ ఆలోచన మాత్రం నాకు నచ్చింది. ఒక్కటి చెప్పాలి. రుడాల్ఫ్ స్టైనర్ అనే తత్వవేత్త 1919లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఆ మొదటి బడి పెట్టింది ఒక సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం. ఆ ఫ్యాక్టరీ పేరే బడికి వచ్చింది. ఇప్పుడు ఆ పేరు చెప్పి అమ్మే దిగుమతి చెక్క ఇంద్రధనుస్సు బొమ్మ ధర చూసి నేను ఫోన్ పక్కన పెట్టేశాను. ఆ డబ్బుతో మాకు నెల కూరగాయలొస్తాయి.

మా ఇంట్లో అసలు చేతిపని ఏమిటంటే పితికిపప్పు. నవ్వకండి. డిసెంబరు, జనవరి వచ్చిందంటే ఇక్కడ ఏ సందు చూసినా అవరెకాయ గుట్టలే కదా. మదనపల్లె వాళ్ళకు అవి అనపకాయలు. ఆ సీజన్‌కు మా అత్తగారు బస్సెక్కి వచ్చేస్తారు. సాయంత్రం హాల్లో పాత చీర పరిచి కాయలు పోస్తే, నలుగురం చుట్టూ కూర్చుని ఒలుస్తాం. వేళ్ళకు జిడ్డు, ఇల్లంతా ఆ పచ్చి వాసన. గింజలు రాత్రి నానబెడితే, పొద్దున అసలు ఆట. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని చిన్నగా ఒత్తితే తోలు చేతిలో ఉండిపోయి పప్పు చటుక్కున జారి గిన్నెలో పడుతుంది. అది మా పాప పద్ధతి. మావాడు ఒత్తితే గోడకు తగులుతుంది. ఒకటి దేవుడి పటం వెనక్కి వెళ్ళింది, ఇంకా దొరకలేదు. "అట్లా కాదు నాయనా, సిన్నగా ఒత్తు, దానికి నొప్పి పుడతాది" అని అత్తగారు చెప్పగానే వాడు గింజను బుజ్జగించడం మొదలుపెట్టాడు. నేనొక్కదాన్నే కూర్చుంటే అరగంటలో తేలే పని, వీళ్ళతో గంటన్నర. తోలంతా పోగేసి తడిచెత్త పచ్చబక్కెట్లో వేసి రావడం పాప డ్యూటీ. తర్వాత ఆ కూర, రాగి సంగటి. ఏ కూరగాయా ముట్టని పిల్ల, "ఇది నేను పితికింది" అని గిన్నె నాకేస్తుంది.

ఇందులోనూ ఒక దెబ్బ తిన్నాను. కిందటేడు మావాడు ఇంత గింజను ముక్కులో దూర్చుకున్నాడు. అప్పుడు వాడికి మీ పాప వయసే. అది తడికి ఉబ్బుతుంది, ఇంట్లో కెలికితే ఇంకా లోపలికి పోతుంది. అందుకే ముట్టుకోకుండా నేరుగా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం. ఆయన అర నిమిషంలో తీసేశారు, మాకు మాత్రం ఆ రాత్రి అన్నం దిగలేదు. కాబట్టి రెండేళ్ళ పిల్ల చేతికి గింజలిస్తే పక్కనుంచి కదలొద్దు. కొత్తిమీర తుంచడం, వెల్లుల్లిపాయ రేకులు విడదీయడం, అప్పడాల కర్రతో చపాతీ ముద్దను చితకబాదడం ఆ వయసుకు నయం. ఆడుకునే బంకమన్ను కావాలంటే రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, చెంచా నూనె, సుమారు కప్పు నీళ్ళు కొద్దికొద్దిగా పోసి కలపండి. రంగుకు పసుపు, బీట్‌రూట్ రసం. కానీ ఉప్పు ఎక్కువ, ఇంకా నోట్లో పెట్టుకునే పిల్లకైతే ఉత్త చపాతీ పిండే ఇవ్వండి.

బొమ్మలు కొనాలంటే ఒక్కసారి చన్నపట్న వెళ్ళిరండి. మైసూరు రోడ్డులో అరవై కిలోమీటర్లుంటుంది, రైలు కూడా ఉంది. మేం ఒక పనిశాలలో గంటసేపు నిలబడిపోయాం. తిరుగుతున్న కొయ్యముక్కకు అక్కడి పనివాడు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తున్నాడు. రాపిడి వేడికి లక్క కరిగి, ఎర్రటి రంగు పెనం మీద వెన్నలా పాకింది. తర్వాత మొగలి ఆకు ఒత్తిపెడితే అద్దంలా మెరుపొచ్చింది. పాప ఒక్క మాట మాట్లాడలేదు, అది మా ఇంట్లో వింతే. వాళ్ళు ఆలె మర అనే ఆ కొయ్యే మన అంకుడు కర్ర. అనకాపల్లి దగ్గర ఏటికొప్పాక లక్కబొమ్మలూ దాంతోనే చేస్తారు. చన్నపట్న హైవే పక్క కొట్లలో అన్నీ ఆ ఊళ్ళో చేసిన సరుకే అనుకోకండి. లక్కా, పెయింటా అని అడిగి తీసుకోండి. మేం ఒక గిలక్కాయ, రెండు బొంగరాలు కొన్నాం. గిలక్కాయను మావాడు సుత్తిలా వాడుతున్నాడు. అటకెక్కించిన ప్లాస్టిక్ మూటలోంచి బిల్డింగ్ బ్లాక్స్ కిందికి దిగొచ్చాయి కూడా. వాటితో గంటలు గంటలు ఆడుకుంటారు, ఉన్నవి పారేసి కొత్త చెక్కవి కొనడం నాకు సబబుగా తోచలేదు.

ఇక కొట్టకుండా పెంచడం. కష్టమంతా ఇక్కడే ఉందండీ, బొమ్మలదేముంది.

మా లిఫ్టు సంగతి చెప్తాను. ఐదో నంబరు బటన్ మావాడే నొక్కాలి. ఒకరోజు సాయంత్రం చేతిలో కూరల సంచి, భుజాన లాప్‌టాప్, మాతోపాటు ఎక్కిన పెద్దాయన మంచితనంగా ఐదు నొక్కేశారు. అంతే, వాడు లిఫ్టులో నేల మీద పడి దొర్లాడు. "ఫోన్ ఇవ్వమ్మా, ఊరుకుంటాడు" అని ఆయన సలహా. ఐదో అంతస్తులో దిగి, సంచి పక్కన పెట్టి, మెట్ల మీద కూర్చున్నాను. "నువ్వు నొక్కాలనుకున్నావు. తాతగారు నొక్కేశారు. కోపమొచ్చింది కదా" అన్నాను. ఆ మాటకేదో మంత్రం పారినట్టు ఊరుకున్నాడని చెబితే అబద్ధం. ఇంకా గట్టిగా ఏడ్చాడు, నన్నొక తన్ను తన్నాడు. కాలు పట్టుకుని "తన్ననివ్వను" అన్నాను. తర్వాత ఇంకేం మాట్లాడలేదు. ఏడెనిమిది నిమిషాలకు వెక్కిళ్ళు తగ్గి, ఒళ్ళోకి వచ్చి, "అమ్మా, మెట్లకు బటన్ లేదా?" అనడిగాడు. మళ్ళీ కిందికి తీసుకెళ్ళి బటన్ నొక్కించానా అంటే, లేదు. రేపు నొక్కుదువులే అన్నాను. మెత్తగా ఉండటమంటే అడిగిందల్లా ఇవ్వడమని మొదట్లో నేనూ పొరబడ్డాను. పడుకునే వేళ, బండి మీద హెల్మెట్, పళ్ళు తోమడం, వీటిలో మా ఇంట్లో బేరం లేదు. ఏడవడానికి మాత్రం పూర్తి స్వేచ్ఛ.

ప్రతిసారీ ఇలాగే జరగదు. పోయిన జూన్‌లో స్కూలు వ్యాను హారన్ కొడుతుంటే పాప సాక్సు వేసుకోనంటే ఒక్కటిచ్చాను, వీపు మీద. సాయంత్రం దాకా నా చెయ్యే మండింది. రాగానే "కొట్టడం నా తప్పు, నువ్వు సాక్సు వేసుకోకపోవడం వల్ల కాదు, నాకు కోపం ఆగలేదు" అని చెప్పాను. అది పెద్ద ఆరిందాలా "పర్లేదు, ఇంకోసారి చెయ్యకు" అంది. నేను వాళ్ళకు చెప్పే మాటే. మా అత్తగారికి ఈ క్షమాపణలు అస్సలు నచ్చవు. "మొక్కై వంగనిది మానై వంగునా, మేం పెంచలా?" అంటారు. నేను వాదించను. వాళ్ళబ్బాయిని బెత్తంతో పెంచిన ఆవిడే, మనవడు ఏడుస్తుంటే ఒడిలో వేసుకుని అరగంట వీపు నిమురుతారు.

సహజం కదాని అన్నీ చేసేయకండి. పసివాళ్ళ ముక్కుల్లో నూనె చుక్కలు వేస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముందని మా పిల్లల డాక్టర్ గట్టిగా చెప్పారు, మానేశాం. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు, దానివల్ల బొటులిజం అనే జబ్బు రావచ్చు. కాటుకలో సీసం ఉండొచ్చు, కళ్ళకు వద్దు. సున్నిపిండి, నూనె మర్దన, పాత చీరల బొంతలు హాయిగా సాగాయి. గుడ్డ డైపర్లు పగలు మాత్రమే. మా బోరు నీళ్ళకు అవి అట్టల్లా బిరుసెక్కేవి, వానాకాలంలో రెండు రోజులైనా ఆరేవి కావు. రాత్రికి కొన్నవే వేశాం.

ఫోన్ గురించి. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంటకు మించి తెర చూపించొద్దని, అదీ తగ్గితే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మా ఇంట్లో మామూలు రోజుల్లో సున్నా, జ్వరమొస్తే లెక్కలేదు. ఒంగోలు అమ్మమ్మతో వీడియో కాల్ మేం లెక్కలో వేయం. పిల్లల కంటే ముందు మానాల్సింది మేమే అని తేలింది. ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా రెండు ఫోన్లూ బియ్యం డబ్బా మీద పెడతాం. ఆఫీసు వాళ్ళు చేస్తే మోగుతుంది, వెళ్ళి మాట్లాడతాం. మొదటి వారం నా చేయి ఊరికే అటువైపు పోయేది.

మీవారి సంగతి. మావారూ మొదట్లో అంతే. నేను పుస్తకాల్లో చదివి చెప్పినన్నాళ్ళూ "సరే సరే" అని తప్పించుకున్నారు. అనపకాయల ముందు కూర్చోబెట్టాక మాత్రం వాళ్ళ ఊరి కబుర్లు వాటంతటవే బయటికొచ్చాయి. సీజన్ వచ్చాక మీరూ ఓ కిలో తెచ్చి హాల్లో పోయండి. గింజలు పాప ముక్కు దాకా వెళ్ళకుండా ఎవరో ఒకరు కళ్ళార్పకుండా కూర్చోవాలి కదా, ఆ డ్యూటీ ఆయనకివ్వండి.