తాతగారి కాంటెస్సాలో రోటరీ ఇంజను: 10 లక్షలతో అవుతుందా?

మీరు అడిగినదాన్ని నాకు అర్థమైనట్టు చెబుతాను. భీమవరంలో మీ తాతగారి నాటి కాంటెస్సా కారు ఉంది. 1.8 ఇసుజు ఇంజనుది. బాడీ గట్టిగానే ఉంది, ఇంజను మాత్రం పొగ వదులుతోంది. దాన్ని దించేసి జపాన్ మజ్దా కంపెనీ స్పోర్ట్స్ కారు ఆర్ఎక్స్-7లో వచ్చిన 13బీ టర్బో రోటరీ ఇంజను ఎక్కించాలని మీ కోరిక. రోజూ వాడుకోవాలి, అప్పుడప్పుడు విశాఖ వెళ్ళి రావాలి. చేతిలో 10 లక్షలు ఉన్నాయి.

ఎక్కించడం సాధ్యమే. 10 లక్షలతో కాదు, రోజూ తిరగడానికి అంతకన్నా కాదు. కాగితాల సంగతి కింద చెబుతాను, అది ఇంకా పెద్ద తలనొప్పి.

నేను పాలకొల్లు దగ్గర షెడ్డు నడుపుతున్నాను. అంతకు ముందు చాలా ఏళ్ళు షార్జాలో ఒక గ్యారేజీలో పనిచేశాను. అక్కడికి ఆర్ఎక్స్-7లు, ఆర్ఎక్స్-8లు తరచుగా వచ్చేవి. మన వైపు మజ్దా అనగానే స్వరాజ్ మజ్దా వ్యాను గుర్తుకొస్తుంది. ఆ జపాన్ మజ్దాయే 1991లో రోటరీ ఇంజను కారుతో ల మాన్ 24 గంటల పందెం గెలిచిందంటే మా షెడ్డులో కుర్రాళ్ళు ఇప్పటికీ నమ్మరు. కాబట్టి నేను ఈ ఇంజను మీద అయిష్టంతో మాట్లాడటం లేదు. దాని చప్పుడు వినబడితే చేతిలో పని వదిలేసి తల తిప్పే మనిషిని.

మీ ఆశకు కారణం అర్థమవుతుంది. పిస్టన్ల బదులు తిరిగే రెండు రోటర్లు, ఒక్కొక్కటి 654 సీసీ, మొత్తం 1308. ఆ కొలతతో జపాన్‌లో 255 అశ్వశక్తితో మొదలై చివరి మోడళ్ళలో 280 దాకా ఇచ్చింది. మీ ఇసుజు కొత్తగా ఉన్నప్పుడే 90 లోపు. పైగా ఇది పొట్టి ఇంజను, బానెట్ కింద బాగా వెనక్కి, కిందికి కూర్చుంటుంది. కాంటెస్సాలో ఇంజను బండి పొడవునా ఉంటుంది, శక్తి వెనక చక్రాలకు వెళుతుంది, ముందు బోలెడు చోటు ఉంది. ఇంజను మౌంటింగులు, గేర్‌బాక్సుకు కలిపే ప్లేటు తణుకులోనో భీమవరంలోనో మంచి లేతు పనివాడు చేసిపెడతాడు. షాఫ్టు కేంద్రం తప్పకుండా డయల్ గేజీ పెట్టి చూసే ఓపిక ఒక్కటి ఉంటే చాలు. అంటే అందరూ భయపడే ఆ కూర్చోబెట్టే పనే మొత్తంలో సులువైనది.

ఇక డబ్బు. ఆర్ఎక్స్-7 తయారీ 2002లో ఆగిపోయింది. మంచి ఇంజన్లు తగ్గిపోయాయి, కావాలనేవాళ్ళు తగ్గలేదు. బయటి దేశంలో బాగున్న టర్బో 13బీ, గేర్‌బాక్సుతో కలిపి, మన డబ్బుల్లో 6 నుంచి 9 లక్షలు అనుకోండి. వాడిన ఇంజన్ల దిగుమతి మీద మన దేశంలో ఆంక్షలు ఉన్నాయి. కేంద్ర విదేశీ వాణిజ్య శాఖ, అంటే డీజీఎఫ్‌టీ, అనుమతి కావాలి, ఆపైన సుంకం, జీఎస్‌టీ, ఓడ కిరాయి. స్క్రాపులో కలిపి తెప్పించేస్తామని చెప్పేవాళ్ళు తగులుతారు. వాళ్ళిచ్చే ఇంజనుకు బిల్లు ఉండదు, రేపు ఆ ఇంజను మీదేనని చూపడానికి మీ దగ్గర చీటీ కూడా ఉండదు. దాని జోలికి పోకండి.

వచ్చిన ఇంజనును అలాగే బిగించకూడదు. విప్పాలి. సీళ్ళు, కూలెంట్ ఓ-రింగులు, బేరింగులు మార్చి మళ్ళీ కట్టాలి. రోటర్లు తిరిగే గదులు, అంటే హౌసింగులు, బాగుంటేనే ఇది 2, 3 లక్షలతో పోతుంది. దానికి వేరే ఇంజను కంప్యూటరు, కొత్త వైరింగు, ఇంజెక్టర్లు, పెట్రోలు పంపు కావాలి. ఇవి మరో 2 లక్షలు దాటతాయి. పెద్ద రేడియేటరు, ఆయిల్ కూలర్లు, ఇంటర్‌కూలరు వేరు. ఇక్కడితో అయిపోయిందనుకుంటే కాంటెస్సా వెనక ఇరుసు గుర్తు చేస్తుంది. 90 గుర్రాల కోసం చేసిన డిఫరెన్షియల్‌కు మూడింతలు తగిలితే పళ్ళు నిలవవు. ప్రొపెల్లర్ షాఫ్టు, క్లచ్, బ్రేకులు, సస్పెన్షన్ ఒకదాని వెనక ఒకటి మార్చాల్సిందే. లేతు పని, కూలి కలిపితే నా అంచనా 20 లక్షలు. ఎవరైనా 12కి చేస్తానంటే బ్రేకులో కూలింగో వదిలేస్తున్నాడని అర్థం.

ఈ ఇంజను పనితీరు కొంచెం చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. అంచులు ఉబ్బిన త్రిభుజం లాంటి రోటరు హౌసింగులో తిరుగుతుంది. అది ఒక్క చుట్టు తిరిగితే మధ్యలోని షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. త్రిభుజం మూడు కొనల మీద మూడు ఏపెక్స్ సీళ్ళు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న పలుచని బద్దలు, హౌసింగు గోడను రాసుకుంటూ తిరుగుతాయి. కంప్రెషన్ అంతా వాటి మీదే ఆధారపడి ఉంది. అవి రాసుకునే గోడకు నూనె అందాలి కాబట్టి ఇంజనే కొంత ఆయిలును పెట్రోలుతో పాటు కాల్చేస్తుంది. అది లోపం కాదు, దాన్ని అలాగే చేశారు. షార్జాలో మేము పెట్రోలులో లీటరుకు 7, 8 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ ఆయిలు కూడా కలిపేవాళ్ళం. లూనా, రాజ్‌దూత్ నడిపిన వాళ్ళకు ఇది కొత్తేమీ కాదు.

టర్బో ఇంజనులో ఒక్కసారి నాక్, అంటే పెట్రోలు అదుపు తప్పి పేలడం, గట్టిగా కొట్టినా ఏపెక్స్ సీలు విరగవచ్చు. విరిగిన ముక్క ఎగ్జాస్టు దారిలో బయటికి పోతూ గోడ మీది క్రోమియం పూతను గీసేస్తుంది, ఆపైన టర్బో రెక్కలను కొడుతుంది. అలా వచ్చిన ఇంజను నా చేతుల మీద విప్పాను. గోడ మీద గోరు పెట్టి లాగితే గీత తగులుతుంది, ఆ గీత తగిలిందంటే హౌసింగు పనైపోయినట్టే. మీ ఇసుజు బ్లాకయితే రీబోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తాం. దీనికి మన దగ్గర ఆ దారి లేదు. కొత్త హౌసింగు తెప్పించుకోవాలి. మజ్దా ఇక్కడ కార్లు అమ్మదు కాబట్టి కౌంటరు మీద దొరికే ప్రసక్తే లేదు. ఒక ఓ-రింగు సెట్టు కోసం కూడా బండి వారాల తరబడి జాకీల మీద ఉంటుంది.

కొనేటప్పుడు ఇంజను బాగుందో లేదో మామూలు కంప్రెషన్ గేజీ చెప్పలేదు, అది రోటరు మూడు ముఖాల్లో ఎక్కువ ఉన్నదాన్నే చూపిస్తుంది. మేము చేసే పని ఇది: ఒక రోటరుకు కింది స్పార్క్ ప్లగ్గు తీసేసి, పెట్రోలు, ఇగ్నిషన్ ఆపి, సెల్ఫ్ తిప్పుతాం. ప్లగ్గు రంధ్రంలోంచి ఫుస్, ఫుస్, ఫుస్ అని గాలి కొడుతుంది. మూడూ సమానంగా, గట్టిగా వినిపించాలి. మూడింటిలో వరసగా రెండు నీరసంగా వస్తే ఆ రెండు ముఖాల మధ్య ఉన్న ఏపెక్స్ సీలు పోయిందని అనుమానించాలి, ఒకటే నీరసంగా వస్తే ఆ ముఖం పక్క సీలును. మూడూ నీరసంగా ఉంటే అన్నీ అరిగాయి. రెండో రోటరుకూ ఇలాగే. తర్వాత ఇంజనును బాగా వేడెక్కించి, ఆపి, పది నిమిషాలాగి మళ్ళీ స్టార్టు చేయమనండి. వేడి మీద చాలాసేపు తిప్పితే గానీ అందుకోని ఇంజనును చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. వీడియో కాల్‌లో కూడా ఈ రెండూ చూపించమని అడగవచ్చు. అమ్మేవాడు సాకులు చెబితే జవాబు దొరికినట్టే.

ఇప్పుడు మన ప్రాంతం సంగతి. రోటరీకి వేడి ఒక పక్కే పుడుతుంది. హౌసింగులో ఒక వైపు ఎప్పుడూ చల్లని గాలి పీలుస్తుంది, ఇంకో వైపు ఎప్పుడూ మండుతుంది. ఒక్కసారి బాగా ఓవర్‌హీట్ అయితే లోపలి కూలెంట్ సీళ్ళు వదిలేస్తాయి. గల్ఫులోనూ ఎండలే కదా అంటారేమో. అక్కడ రోడ్లు ఖాళీ, బండికి గాలి తగులుతుంది. మీరు రోహిణి కార్తెలో వీరవాసరం రోడ్డు మీద ధాన్యం ట్రాక్టరు వెనక రెండో గేరులో వెళతారు. రొయ్యల లారీ ఎదురొస్తే కాలువ గట్టు పక్కకు ఒదిగి ఆగుతారు. రేడియేటరుకు గాలి లేదు, ఫ్యాన్లే దిక్కు. పైగా ఈ ఇంజనుకు తక్కువ చుట్ల దగ్గర సత్తువ ఉండదు. 2000 చుట్ల దగ్గర మీ ఇసుజు ఎంత హాయిగా లాగుతుందో ఇది అంత విసిగిస్తుంది. దాని సరదా అంతా 4000 పైన మొదలవుతుంది. జాతీయ రహదారి మీద రావులపాలెం దాటాక ఆ సరదా కొద్దిసేపు దొరకవచ్చు, ఊళ్ళో మాత్రం దొరకదు.

ఇంకొకటి, దీన్ని ఏ వీడియోలోనూ చెప్పరు. రోటరీ ఎగ్జాస్టు మామూలు ఇంజనుకన్నా చాలా వేడిగా ఉంటుంది. కోతల కాలంలో మన రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, గడ్డి పరిచి ఉంటుంది. మామూలు కార్లకే అడుగున గడ్డి చుట్టుకుని పొగ వచ్చిన సందర్భాలున్నాయి. కాంటెస్సా అడుగున ఎర్రగా కాలిన పైపు పెట్టుకుని ఎండుగడ్డి మీదుగా వెళ్ళడం నాకు నచ్చే పని కాదు. హీట్ షీల్డు వేయవచ్చు, కానీ వేశాక కూడా నేనైతే గడ్డి ఉన్న రోడ్డులోకి తిప్పను.

పెట్రోలు విషయంలో మైలేజీ గురించే అందరూ అడుగుతారు. ఊళ్ళో లీటరుకు 6, 7 కిలోమీటర్లు, గట్టిగా తొక్కితే అంతకన్నా తక్కువ. లీటరు 110 రూపాయల దరిదాపుల్లో ఉన్నచోట విశాఖ వెళ్ళి రావడం ఎంతవుతుందో మీరే వేసుకోండి. నాకు అంతకన్నా పెద్ద బెంగ పెట్రోలు రకం గురించి. బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినది. ఇథనాల్ నాక్‌ను తట్టుకుంటుంది, అది మేలే. కానీ అదే శక్తికి ఎక్కువ పెట్రోలు పోయాలి. ఎక్కడో వేరే పెట్రోలు మీద ట్యూన్ చేసిన ఇంజను ఇక్కడ గాలికి తగ్గ పెట్రోలు అందక మండి, టర్బో ఒత్తిడి ఎక్కగానే సీళ్ళు పోగొట్టుకుంటుంది. కాబట్టి ట్యూనింగు ఇక్కడి పెట్రోలు మీదే చేయాలి. ఆ పని తెలిసినవాళ్ళు మన జిల్లాల్లో నాకు తెలిసి లేరు. కోయంబత్తూరు, బెంగళూరు వైపు వెతకాలి. వాడకుండా నెలల తరబడి షెడ్డులో పెట్టినా తంటానే. మన తేమకు ఇథనాల్ నీటిని పీల్చుకుని ట్యాంకు అడుగున తుప్పు పట్టిస్తుంది.

కాగితాలకు వద్దాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించే వీలు వచ్చింది. సీఎన్‌జీ కిట్టుకు, ఆమోదం ఉన్న ఎలక్ట్రిక్ కిట్టుకు దారి ఉంది. వేరే దేశపు వేరే కంపెనీ టర్బో ఇంజనుకు మామూలు యజమాని నడవగలిగిన దారి నాకు కనబడలేదు. మీ బండికి 15 ఏళ్ళు ఎప్పుడో దాటాయి, ఆర్‌సీ రెన్యువల్‌కు వెళ్ళినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఇంజను నంబరు చూస్తాడు. పొల్యూషన్ పరీక్షలో ఆయిలు కాల్చే ఇంజను గట్టెక్కడం కష్టం. అన్నిటికన్నా నాకు భయం కలిగించేది బీమా. ఎవరికైనా తగిలితే, కంపెనీకి చెప్పకుండా ఇంజను మార్చిన బండి అని తేలితే, పరిహారం మీ పొలం మీదికి వస్తుంది.

ఆర్ఎక్స్-8 ఇంజను చవక కదా అని మీరు చివర్లో అడిగారు. చవకే. టర్బో లేదు, 9000 చుట్ల దాకా పాడుతుంది, వినడానికి అద్భుతం. చాలా వాటిలో కంప్రెషన్ పోయి ఉంటుంది కాబట్టే ఆ ధర. పైన చెప్పిన పరీక్ష దానికి మరీ అవసరం. తక్కువ చుట్ల దగ్గర సత్తువ టర్బోదానికన్నా తక్కువ, కాగితాల కథ మాత్రం అదే.

నా సలహా ఇది. రోటరీయే కావాలనుకుంటే కాంటెస్సాను వదిలేయండి. వేరే చాసిస్ కొని, రిజిస్ట్రేషన్ ఆశ లేకుండా ట్రాక్ బండిగా కట్టి, లారీ మీద కోయంబత్తూరు కరి ట్రాక్‌కో చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైకో తీసుకెళ్ళి నడపండి. దానికి 20 లక్షల పైన మరికొంత, ఏడాదికోసారి ఇంజను విప్పే ఓపిక కావాలి. ఒకరిద్దరు స్నేహితులు కలిసి పెట్టుకుంటే తేలిక.

కాంటెస్సాకు మాత్రం అదే ఇసుజును రీబోరు చేయించండి. హెడ్డు పని, కొత్త రేడియేటరు, బ్రేకులు, రబ్బరు పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవి, ఏసీ కలిపినా మీ 10 లక్షల్లో సగం కూడా కాదు. విడిభాగాలు విజయవాడలో ఆరా తీస్తే ఇప్పటికీ దొరుకుతున్నాయి. విప్పేముందు వేడెక్కించిన ఇంజను మీద నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూసి, ప్రతి రంధ్రంలో చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ చూడండి. రెండోసారి అంకెలు బాగా పెరిగితే తప్పు రింగులది, పెరగకపోతే వాల్వులది. ఆ ఎనిమిది అంకెలు ఇక్కడ రాస్తే పనికి ఎంతవుతుందో దగ్గరగా చెబుతాను.