ఫోన్‌లో కౌన్సెలింగ్ మొదలుపెడుతున్న మా చిట్టికి

చిట్టీ,

మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్లకి వీడియో కాల్‌లో కౌన్సెలింగ్ మొదలుపెడుతున్నావని మీ నాన్న చెప్పాడు. ఎంత సంతోషమేసిందో! రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. గాజువాక నుంచి, పెందుర్తి నుంచి నలభై ఏళ్ల కొడుకుల్ని చెయ్యి పట్టుకుని బస్సులు మార్చి తెచ్చే తల్లుల్ని చూసినదాన్ని. పాడేరు వాళ్లైతే ఘాట్ దిగి రావాలి. నీ ఆలోచన మంచిదే.

ఆర్‌సీఐ, అదే భారత పునరావాస మండలిలో నీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ మర్చిపోకు. గంట కూర్చోబెట్టకు, అరగంట చాలు. మాటతో పాటు బొమ్మలు చూపించు. స్క్రీన్ ఆగిపోతే నువ్వు అలిగావనుకుంటారు, అది నెట్ పని అని ముందే చెప్పు. రోజుకి ఎనిమిది కాల్సట, బుద్ధుందా? నాలుగు చాలు. మధ్యలో లేచి కాస్త నడువమ్మా, నీ నడుం సంగతి నాకు తెలుసు.

ఇది మాత్రం తీరిగ్గా చదువు. 2020 లాక్‌డౌన్‌లో ఒక సెంటర్ వాళ్లు అందరి బాగోగులూ ఫోన్‌లోనే చూసేవారు. ముప్పై దాటిన ఒక అబ్బాయికి వారం వారం కాల్. "బాగున్నావా?" "ఆఁ." "నిద్ర పడుతోందా?" "ఆఁ." "అన్నం తింటున్నావా?" "ఆఁ." ఫైల్లో అంతా బాగుందని రాశారు. స్పీకర్ ఆన్ చేసి ఫోన్ పట్టుకున్నది వాళ్లన్నయ్య. కొన్నాళ్లకి ఆ అబ్బాయి చేతులు కొరుక్కోవడం మొదలుపెట్టాడు. వైకల్యం వల్లే అనుకుని మందు పెంచారు. సడలింపులొచ్చాక నేను వెళ్లి పక్కన కూర్చుని ఆల్బమ్ తెరిచాను. గబగబా పేజీలు తిప్పి, నాయనమ్మ ఫొటో మీద వేలు పెట్టి "ఎప్పుడొస్తాది?" అన్నాడు. ఆవిడ పోయి నెలలైంది. తట్టుకోలేడని, ఊరెళ్లిందని చెప్పారు. ఆ బిడ్డ దుఃఖాన్ని జబ్బు ఖాతాలో రాసేశారు చిట్టీ.

అందుకే అవును, కాదు అనే ప్రశ్నలు వద్దు. ఎదుటివాళ్లని మెప్పించడానికి "ఆఁ" అనేస్తారు. "రాత్రి పడుకున్నావా, లేచి కూర్చున్నావా?" అని అడుగు. కాసేపాగి అదే తిరగేసి అడుగు. రెండుసార్లూ చివరి మాటే చెబితే, అది జవాబు కాదు. చెప్పింది వాళ్ల మాటల్లో మళ్లీ చెప్పించుకో. సమ్మతి కూడా ముందు వాళ్లనే అడుగు. 2016 వికలాంగుల హక్కుల చట్టం వాళ్లకీ అందరితో సమానంగా చట్టపరమైన సామర్థ్యం ఉందంటుంది.

నా భయమంతా పక్కగదిలో ఎవరున్నారోనని. అది వీడియోలో కనపడదు. జవాబు చెప్పే ముందు చూపు ఎటు పోతోందో గమనించు. అమ్మానాన్నల్ని మొదట ఐదు నిమిషాలు, చివర్లో ఐదు నిమిషాలు మాట్లాడించు. మధ్యలో ఇయర్‌ఫోన్స్, తలుపు వేసిన గది. ఆడపిల్లలైతే మరీ జాగ్రత్త. మొదటిసారి స్వయంగా వెళ్లి కలిసి, మీ ఇద్దరికే తెలిసిన ఒక గుర్తు పెట్టుకో. మెడలో గొలుసు పట్టుకుంటే "ఇప్పుడు మాట్లాడలేను" అని. అది కనపడితే అక్కడ ఆరా తీయకు, ఇంట్లోవాళ్లకి ఫోన్ చేయకు. మామూలుగా ముగించి, అదే రోజు మనిషిని పంపు. చినవాల్తేరు మానసిక వైద్యశాల డాక్టర్లతో ముందే మాట్లాడి ఉంచుకో. రాత్రిపూట కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబర్ 14416 పెద్ద అంకెలతో రాసి ఇళ్లలో అంటించమను.

పాడేరు వాళ్ల మొదటి విజిట్‌కి నేనూ వస్తాను. టికెట్ నాకూ తియ్యి.

మీ అత్త