ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు చోట్లు రెండు రోజుల్లో చూడొచ్చా?

కర్నూలు నుంచి సొంత కారులో, పిల్లలతో, రెండు రోజుల్లో ఈస్టిండియా కంపెనీ మీద నరసింహారెడ్డి చేసిన 1846 తిరుగుబాటు జరిగిన చోట్లన్నీ చూడొచ్చా, ఏ వరసలో పోవాలి అని అడిగారు. అన్నీ కావు. కుందూ నది వైపున్న ఊళ్లు, అంటే కోవెలకుంట్ల, ఉయ్యాలవాడ, రూపనగుడి, నొస్సం, పేరుసోముల రెండు రోజుల్లో తీరిగ్గా అవుతాయి. నల్లమల వైపువి, అంటే రుద్రవరం, గిద్దలూరు ఇంకో ప్రయాణానికి పెట్టుకోండి. రెండూ కలిపితే కారులో కూర్చోవడమే తప్ప చూసేదేమీ ఉండదు.

ముందుగా ఒక హెచ్చరిక. ఫోన్ మ్యాపులో ఉత్త "ఉయ్యాలవాడ" అని కొట్టి బయల్దేరకండి. ఓర్వకల్లు దగ్గరి కర్నూలు విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు, తెలంగాణలో నాగర్‌కర్నూలు దగ్గర ఇదే పేరుతో ఇంకో ఊరుంది. మీకు కావలసింది నంద్యాల జిల్లా ఉయ్యాలవాడ మండలం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు కోవెలకుంట్ల, సంజామల, ఉయ్యాలవాడ మండలాలు మూడూ నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. పాత పుస్తకాల్లో కర్నూలు జిల్లా అనే ఉంటుంది. తిరుగుబాటు నాటికైతే ఇదంతా కడప జిల్లా. కోవెలకుంట్ల తాలూకా కర్నూలులో కలిసింది 1858లో. అందుకే ఈ కథలో కలెక్టరు అంటే కడప కలెక్టరు కాక్రేన్. పాత కాగితాలు వెతికే ఆసక్తి ఉన్నవాళ్లు కర్నూలు కచేరీ చుట్టూ తిరగకుండా కడప జిల్లా రికార్డులు అడగాలి.

సైరా సినిమా చూసి వస్తున్నారంటే పిల్లలకు ముందే చెప్పి తీసుకురండి: ఇక్కడ గండికోటలాగా నిలిచి ఉన్న కోట లేదు. మొండి గోడలు, ఏటి ఒడ్డు, గుట్ట, నల్లరేగడి చేలు, అంతే. కథ తెలియకుండా వస్తే అరగంటలో విసుగు పుడుతుంది. తెలిసి వస్తే ఊరికీ ఊరికీ మధ్య దూరమే సగం కథ చెబుతుంది.

మొదటి రోజు పొద్దున్నే ఆరింటికి బయల్దేరి పాణ్యం, బనగానపల్లె మీదుగా కోవెలకుంట్ల చేరండి. సుమారు వంద కిలోమీటర్లు, రెండున్నర గంటలు పడుతుంది. పనిదినమైతే మంచిది. ఖజానా, తాలూకా కచేరీ తాలూకు పాత కట్టడాలు ప్రభుత్వ ఆవరణల్లో ఉంటాయి కాబట్టి ఆదివారం పోతే గేటు దగ్గరే ఆగిపోతారు. లోపల ఫోటోలు తీయాలంటే తహసీల్దారు ఆఫీసులో ఒక మాట అడగండి. అడగకుండా ఫోను పైకెత్తితేనే పేచీ.

ఇక్కడ పిల్లల చేత ఒక లెక్క చేయించండి. నరసింహారెడ్డికి కంపెనీ ఇచ్చిన పింఛను నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైలు. అప్పట్లో రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు. పన్నెండు నెలలకు గుణిస్తే సరిగ్గా 140 రూపాయలు వస్తుంది. పాళెగాడి (ఊళ్ల మీద పెత్తనం చేసిన స్థానిక నాయకుడి) వంశంలో పుట్టినవాడికి మిగిల్చింది అది. ఆ పింఛను కోసం పంపిన మనిషిని కోవెలకుంట్ల తహసీల్దారు అవమానించి తిప్పి పంపాడన్నది అందరూ చెప్పే కథ. 1846 జూలై 10న నరసింహారెడ్డి, ఆయన మనుషులు ఇదే ఖజానా మీద పడ్డారు. పోయిన సొమ్ము 805 రూపాయల 10 అణాల 4 పైలుగా చెబుతారు. అంటే ఆరేళ్ల పింఛను కూడా కాదు. డబ్బు కోసమే అయితే ఇంత పెద్ద తిరుగుబాటు అక్కర్లేదని ఆ అంకెలే చెబుతాయి.

అసలు బలం కట్టుబడుల నుంచి వచ్చింది. ఊరి కాపలా కాసినందుకు మాన్యం భూములు అనుభవించే కట్టుబడిదార్లు వీళ్లు. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి దత్తం చేశాక, కంపెనీ కలెక్టరు థామస్ మన్రో కాలం నుంచి పాళెగాళ్ల అధికారం పోయింది, వాళ్ల కింది కాపలావాళ్ల మాన్యాల మీదా కంపెనీ కన్ను పడింది. ఒక్క మనిషి పింఛను గొడవ వందల మంది గొడవగా మారింది అందుకే. గైడు దొరికి "దేశం కోసం లేచాడు" అని ఒక్క మాటలో తేల్చేస్తే, కట్టుబడి మాన్యాల సంగతేమిటని అడగండి. తెలిసినవాడో కాదో అక్కడే బయటపడుతుంది.

కోవెలకుంట్ల నుంచి ఉయ్యాలవాడ, అక్కణ్ణుంచి రూపనగుడి. పుట్టిన ఊరుగా రూపనగుడిని చెబుతారు. రెండూ ఒకే మండలం. మధ్యాహ్నం భోజనం కోవెలకుంట్లలోనే ముగించుకుని పోండి, పల్లెల్లో హోటళ్ల మీద ఆశ పెట్టుకోవద్దు. ఉయ్యాలవాడ దగ్గర కుందూ చూడండి. పైన నంద్యాల నుంచి దిగి, కింద కమలాపురం దగ్గర పెన్నలో కలిసే ఏరు ఇది. వానాకాలం పొంగితే లోతట్టు వంతెనల మీద రాకపోకలు ఆగిపోతాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చేవాళ్లు బయల్దేరే ముందు బస్సు డిపోకు ఫోన్ చేసి దారి అడగడం మేలు.

సాయంత్రం ఎండ తగ్గాక మళ్లీ కోవెలకుంట్లకు వచ్చి జుర్రేరు ఒడ్డుకు పోండి. 1847 ఫిబ్రవరి 22న జనం చూస్తుండగా నరసింహారెడ్డిని ఉరి తీసింది ఇక్కడే. తలను మాత్రం 1877 దాకా, ముప్పై ఏళ్లు, కోవెలకుంట్ల కోట మీద వేలాడదీసి ఉంచారు. చిన్నపిల్లలుంటే ఎంతవరకు చెప్పాలో మీ ఇష్టం. ఏటా ఫిబ్రవరి 22న వర్ధంతి చేస్తారు. ఆ రోజు వస్తే కథ చెప్పేవాళ్లు, పాట పాడేవాళ్లు దొరకొచ్చు. తీరిగ్గా చూడాలంటే ఆ ఒక్క రోజు తప్పించండి.

రాత్రికి బనగానపల్లెలో గానీ నంద్యాలలో గానీ దిగండి. కుటుంబంతో ఉంటే నంద్యాలే నయం, లాడ్జీలు ఎక్కువ. బనగానపల్లెలో నవాబు బంగ్లా చూపిస్తామని డ్రైవర్లు ఉత్సాహపడతారు. చూడొచ్చు గానీ దానికీ ఈ తిరుగుబాటుకూ సంబంధం లేదు. బనగానపల్లె అప్పట్లో వేరే సంస్థానం.

రెండో రోజు సంజామల మండలం. ముందు పేరుసోముల, ఆ దగ్గరి జగన్నాథ కొండ. 1846 అక్టోబరు 6న నరసింహారెడ్డి పట్టుబడింది ఇక్కడ. పొద్దున ఏడున్నరకల్లా అక్కడ ఉండేలా చూసుకోండి, పది దాటితే రాయి కాలిపోతుంది. కొండెక్కాలనుకుంటే ఊళ్లో గొర్రెల కాపరినెవరినైనా తోడు తీసుకోండి. చెప్పుల్తో వద్దు, ముళ్ల కంప ఎక్కువ, బూట్లు వేసుకోండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తక్కువేం కాదు. పిల్లల్ని కింద ఉంచి ఒకరొకరుగా ఎక్కినా సరిపోతుంది. పైకి పోయాక తూర్పుకు తిరిగి చూడండి: మీకూ నల్లమల అడివికీ మధ్యలో కుందూ మైదానం, చెట్టు చాటు లేని నల్లరేగడి. జూలైలో దాడి చేసినవాడు అడివికే ఎందుకు పరిగెత్తాడో ఆ మైదానం చూస్తే తెలుస్తుంది.

తర్వాత నొస్సం. తల్లి తరఫు తాత జయరామిరెడ్డి ఇక్కడి పాళెగాడు. తిరుగుబాటులో కుడిభుజం వడ్డె ఓబన్నదీ ఈ ప్రాంతమే, జనవరి 11న ఆయన జయంతి జరుపుతారు. కోట శిథిలం. ఇక్కడ ఒక జాగ్రత్త చాలా ముఖ్యం. సీమలో పాత కోటలన్నిటికీ గుప్తనిధుల తవ్వకాల బెడద ఉంది. పొద్దుగూకే వేళ బయటి కారు వచ్చి బురుజు పక్కన ఆగితే ఊరి వాళ్లకు అనుమానం రావడం సహజం. పగలే పోండి. ముందు ఊరి నడిమధ్య కారాపి, రచ్చబండ దగ్గర నలుగురికి వచ్చిన పని చెప్పి కదలండి. డ్రోను ఎగరేయొద్దు. గోడలు ఎక్కొద్దు, వదులైన రాళ్లు జారతాయి.

రైలంటే ఇష్టమున్నవాళ్లకు నంద్యాల–ఎర్రగుంట్ల లైను ఉంది. బనగానపల్లె, కోవెలకుంట్ల, సంజామల, నొస్సం అన్నీ ఆ లైను మీది స్టేషన్లే. బండ్లు తక్కువ కాబట్టి రైలు దిగి చూసి మళ్లీ రైలెక్కే లెక్క కుదరదు. ఒకవైపు రైలు, ఇంకోవైపు బస్సు పెట్టుకోండి. కోవెలకుంట్ల నుంచి పల్లెలకు పల్లెవెలుగు బస్సులు, ఆటోలు ఉంటాయి గానీ ఆటోను మధ్యాహ్నం దాకా మాట్లాడుకోవాలి, ఒకవైపుకే మాట్లాడుకుంటే తిరుగు బండి దొరకదు.

నొస్సం నుంచి జమ్మలమడుగు మీదుగా గండికోట పోయి రాత్రి ఉండొచ్చు. కడప వాళ్లకైతే ఈ దారినే తిరగేసి రావడం సులువు: మొదట నొస్సం, చివర కోవెలకుంట్ల.

కాలం సంగతి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు రండి. వాన పడిన రెండు రోజుల దాకా మట్టి దారుల్లోకి కారు దింపొద్దు. నల్లరేగడి టైరుకు చుట్టుకుని మడ్‌గార్డులో ఇరుక్కుంటుంది, చక్రం తిరగదు, ట్రాక్టరు పిలిస్తే తప్ప బయటపడరు. బైకుకైతే ఇంకా త్వరగా పట్టేస్తుంది.

నల్లమల వైపు విడిగా పోయేవాళ్లకు వరస ఇది: దువ్వూరు, రుద్రవరం, నంద్యాల, గిద్దలూరు. కోవెలకుంట్ల తర్వాత దువ్వూరు ఖజానా మీద పడి, రుద్రవరం మీదుగా కొండల్లోకి పోయారు. జూలై 23న గిద్దలూరు దగ్గర కంపెనీ దళంతో తలపడ్డారు. ఖజానా దాడికీ దీనికీ మధ్య పదమూడు రోజులే. నంద్యాల–గిద్దలూరు ఘాటు దారి అడివిలో పోతుంది, మలుపులు ఎక్కువ, ఫోను సిగ్నలు మీద నమ్మకం పెట్టుకోలేం. పెట్రోలు నంద్యాలలోనే పట్టించుకుని, వెలుతురుండగానే అవతలికి దిగిపొండి.