గేమ్ ఇన్వెంటరీని నమ్ముకుని ఇల్లు కొనవచ్చా?

ప్రశ్న: నా వయసు 28. ఆరేళ్లుగా కౌంటర్-స్ట్రైక్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ ఆడుతున్నాను. కొన్నవి, కేసులు (డబ్బిచ్చి తెరిచే లాటరీ లాంటి పెట్టెలు) తెరిస్తే వచ్చినవి కలిపి నా స్కిన్ల (ఆటలో ఆయుధాల వంటివాటికి వేసే డిజైన్ల) విలువ ఇవాళ్టి ధరల్లో నా ఆరు నెలల జీతమంత ఉంది. రెండేళ్లలో ఇల్లు కొనాలని ప్లాన్. డౌన్ పేమెంట్‌లో కొంత వీటిని అమ్మి సర్దుదామనుకుంటున్నాను. నా డబ్బుతో కొన్నవే కాబట్టి చట్టప్రకారం ఇవి నావే కదా?

జవాబు: డబ్బు మీదే. కానీ దానితో మీకు దక్కింది ఆ స్కిన్లను వాడుకునే అనుమతి మాత్రమే. మీ ఆట నడిచే స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో అకౌంట్ తెరిచేటప్పుడు అందరం చదవకుండానే ఒప్పుకునే ఒప్పందంలో ఈ సంగతి స్పష్టంగా ఉంది: అక్కడ ఇచ్చేదంతా లైసెన్సే, అమ్మకం కాదు. అకౌంట్‌ను ఇంకొకరికి అమ్మడానికీ, బదిలీ చేయడానికీ వీల్లేదు. పెద్ద ఆన్‌లైన్ గేముల్లో చాలావాటిది ఇదే పద్ధతి.

అలాగని చట్టం వీటిని అసలు పట్టించుకోదని కాదు. నెదర్లాండ్స్‌లో 2007లో ఇద్దరు కుర్రాళ్లు 13 ఏళ్ల పిల్లవాణ్ని కొట్టి, కత్తితో బెదిరించి, రూన్‌స్కేప్ ఆటలో అతను సంపాదించుకున్న తాయెత్తును, ముసుగును తమ అకౌంట్‌కు మార్పించుకున్నారు. చేత్తో ముట్టుకోలేని వస్తువుల విషయంలో దొంగతనం ఎలా అవుతుందని నిందితుల తరఫున వాదించారు. 2012లో ఆ దేశ సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. పిల్లవాడు సమయం, శ్రమ పెట్టి సంపాదించాడు, అవి అతని అధీనంలో ఉన్నాయి, కాబట్టి దొంగతనమేనని తేల్చింది. అంతకుముందే, 2003లో, బీజింగ్‌లోని ఒక కోర్టు హ్యాకింగ్‌లో పోయిన ఆయుధాలను ఆటగాడికి తిరిగి ఇవ్వమని గేమ్ కంపెనీని ఆదేశించింది. సర్వర్ల భద్రత చూసుకోవలసింది కంపెనీయే కదా!

అయితే ఈ తీర్పులు చూసుకుని డౌన్ పేమెంట్ లెక్కలు వేయకండి. మీ పరిస్థితి కౌలు రైతుది. పక్కవాడు పంట కోసుకుపోతే చట్టం మీ వైపు నిలబడుతుంది. భూమి యజమాని కౌలు పత్రం చూపించి ఖాళీ చేయమంటే ఆ చట్టమే అతని మాట వింటుంది. ఇక్కడ యజమాని గేమ్ కంపెనీ. 2024 మార్చి 31న యుబిసాఫ్ట్ అనే గేమ్ కంపెనీ తన 'ది క్రూ' ఆట సర్వర్లను ఆపేస్తే, డబ్బు పెట్టి కొన్నవాళ్లకు కూడా ఆడటానికి ఆట లేకుండా పోయింది. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి డిజిటల్ వస్తువుల అమ్మకందార్లు, కొనేవాళ్లకు దక్కేది లైసెన్సేనని ముందే స్పష్టంగా చెప్పాలని చట్టం వచ్చింది. మంచి చట్టమే, కానీ అది సొంతదారు హక్కును ఇవ్వదు.

మూతపడటం దాకా వెళ్లనక్కరలేదు. 2025 అక్టోబర్‌లో మీ ఆటలోనే ఏం జరిగిందో మీకు నాకంటే బాగా తెలిసి ఉంటుంది. కోవర్ట్ అనే పై శ్రేణి స్కిన్లు ఐదు ఇచ్చి, అంతకంటే అరుదైన కత్తినో, గ్లవ్స్‌నో తెచ్చుకునే వీలు కల్పిస్తూ ఆ ఆటను నడిపే వాల్వ్ కంపెనీ ఒక్క అప్‌డేట్ ఇచ్చింది. అంతే, కత్తుల ధరలు కుప్పకూలాయి. కంపెనీ తప్పు చేసిందని అనలేం. అరుదుదనం ఎంత ఉండాలో నిర్ణయించేది వాళ్లే, వాళ్ల నిర్ణయానికి మీరు ముందే సరేనన్నారు.

అమ్మకం కూడా మీరనుకున్నంత తేలిక కాదు. స్టీమ్ మార్కెట్‌లో అమ్మితే కమీషన్ పోగా మిగిలింది స్టీమ్ వాలెట్‌లోకి వస్తుంది, అక్కడి నుంచి బ్యాంకుకు దారి లేదు. బయటి సైట్లలో నగదు ఇస్తారు నిజమే, కానీ అది ఒప్పందానికి విరుద్ధం. మోసపోయినా, అకౌంట్ బ్యాన్ అయినా మొత్తం ఒకేసారి పోతుంది. ఆరు నెలల జీతం విషయంలో ఆ దారి నేను చెప్పను.

మీ ఆస్తుల పట్టికలో ఈ స్కిన్ల ఎదురుగా సున్నా వేయండి. బాధగా ఉంటుందని తెలుసు, ఆరేళ్ల ఇష్టం అది. ఆడుకోండి, ఆనందించండి, టూ-ఫ్యాక్టర్ రక్షణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో కోడ్ కూడా అడిగేది) పెట్టుకోండి. అప్పు చేసి మాత్రం ఒక్క కేసు కూడా తెరవకండి. డౌన్ పేమెంట్ లెక్కను ఇవి లేకుండా మళ్లీ వేయండి. తక్కువ పడిన మొత్తాన్ని 24 నెలలతో భాగిస్తే నెలకు ఎంత అదనంగా దాచాలో తెలుస్తుంది. గడువు రెండేళ్లే కాబట్టి షేర్ల జోలికి వెళ్లకుండా డిపాజిట్లలోనే దాచండి. ఆ నెలవారీ మొత్తం మీ జీతానికి బరువనిపిస్తే ఇంటిని ఇంకో ఏడాది వాయిదా వేయండి.