వంటిల్లు ఒకటే, ఇంట్లో ముగ్గురివీ మూడు మాటలు

ప్రశ్న: మాది రాజమండ్రి. పదిహేనేళ్ల కిందటి అపార్ట్‌మెంటులో చిన్న ఫ్లాటు. మావారు ప్రైవేటు కాలేజీలో లెక్చరర్, నేను స్కూల్లో టీచర్‌ని. ఇద్దరి జీతాలూ కలిపి 64,000. ఇంటి లోను వాయిదాకే 19,000 పోతుంది. బాబు ఇంటర్ చదువుతున్నాడు. మా వంటింట్లో సింకు కింద ఎప్పుడూ తడే. తలుపుల్లేని రాతి అరల నిండా బొద్దింకలు. కిందటి నెల చీటీ పాడితే 1,80,000 చేతికొచ్చింది. దాంతో వంటిల్లు బాగు చేయించుకుందామనుకున్నాను. మావారు మాడ్యులర్ కిచెన్ షోరూముకి తీసుకెళ్లారు. అక్కడ 3,92,000 అన్నారు. ఇంటికొచ్చి కొటేషన్ చూస్తే 18 శాతం జీఎస్టీతో కలిపి 4,62,560 ఉంది. తక్కువైంది వడ్డీ లేని వాయిదాల్లో పద్దెనిమిది నెలలు కట్టేద్దామంటారు ఆయన. హైదరాబాద్‌లో మా బావగారింట్లో అలాంటి కిచెనే ఉంది. అత్తయ్యేమో "ఉన్న రాయి అరలకేం వచ్చింది? మంచమున్నంతే కాళ్లు చాపుకోవాలి" అంటారు. మా అమ్మ గొలుసు అమ్మెయ్యమంటోంది. మొన్న మాటామాటా పెరిగి, అత్తయ్య ముందే "మీ జీతానికి ఆ కిచెన్ ఒకటా" అనేశాను. అప్పట్నుంచి ఆయన ముభావంగా ఉంటున్నారు. నా డబ్బుతో వంటిల్లు బాగు చేయించుకోవాలనుకోవడం తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. చీటీ మీరు కట్టింది, వంటింట్లో రోజూ నిలబడేదీ మీరే. కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపింది 4,62,560 కాదు, జీతం గురించి మీరన్న మాట. అది సర్దుకోకుండా ఎంత మంచి ప్లాన్ గీసినా ఆయన తలూపరు.

ఆ మాట గదిలో, తలుపేసుకుని వెనక్కి తీసుకుంటే సరిపోదు. అత్తయ్య విన్నారు కాబట్టి, ఆవిడ వినేలాగే తీసుకోవాలి. రాత్రి భోజనాల దగ్గర, "ఏవండీ, ఆ రోజు జీతం మాట ఎత్తడం నా పొరపాటు. అంత అప్పు అనేసరికి భయమేసి అలా అనేశాను" అని ఆపేయండి. వెంటనే "కానీ మీరు కూడా" అని మొదలుపెట్టారో, చెప్పింది చెప్పనట్టే. ఆ పూట కిచెన్ ఊసే వద్దు.

ఇంకో సంగతి గమనించండి. ఆయన బుర్రలో ఉన్న అంకె 3,92,000. మీ బుర్రలో ఉన్నది 4,62,560. మధ్యలో 70,560 తేడా. ఆయన షోరూములో ఏసీ కింద విన్న అంకె గురించి మాట్లాడుతుంటే, మీరు ఇంట్లో కాగితం మీద చూసిన అంకె గురించి పోట్లాడుతున్నారు. ఇలాంటి దెబ్బలాటలు నా దగ్గరికి చాలానే వస్తుంటాయి. చాలాసార్లు ఇద్దరి చేతుల్లోనూ ఒకే కాగితం ఉండదు.

కాబట్టి ఆదివారం ఆయన పక్కన కూర్చుని ఒకే కాగితం మీద రాయండి. మీ చీటీ డబ్బు పోను అప్పు 2,82,560. పద్దెనిమిది నెలలంటే నెలకు దాదాపు 15,700. ఇంటి లోను 19,000 కలిస్తే 34,700. 64,000లో సగం దాటిపోయింది. బాబు ఇంటర్ అయ్యాక ఫీజులు ఎలా ఉంటాయో కాలేజీలో పనిచేసే ఆయనకి మీరు చెప్పక్కర్లేదు. లెక్క ఆయన చేత్తోనే వేయనివ్వండి. మీ నోటితో వచ్చే "వద్దు" కంటే ఆయన రాసుకున్న అంకె బాగా పనిచేస్తుంది.

వడ్డీ లేని వాయిదా అన్నారు కదా, షోరూముకి ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగమనండి: "మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారు?" వాళ్లు తగ్గిస్తామన్న మొత్తమే మీరు కట్టబోయే వడ్డీ. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది దానికి అదనం. గొలుసు సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. కప్‌బోర్డు తలుపుల కోసం బంగారం అమ్మకండి. ఈ గొడవలో మీ అమ్మగారి సలహా ఇక అడక్కండి కూడా. ఆవిడ ప్రేమతోనే అన్నారు, కానీ అల్లుడికి చేతకాలేదన్న అర్థం అందులో తొంగిచూస్తోంది.

ఇక మీవారు. అన్నగారింట్లో చూసొచ్చిన కిచెన్ మీద మనసు పడ్డారని ఎగతాళి చేయకండి. చుట్టాలొస్తే హాల్లోంచి వంటిల్లు కనిపిస్తుంది, తన ఇల్లూ ఒక మాదిరిగా ఉందనిపించుకోవాలని ఆయనకుంది. అది చిన్న కోరికే. దానికి నాలుగున్నర లక్షలు అక్కర్లేదంతే. ఎలాగో కింద చెప్తాను.

అత్తయ్య వద్దనడం వెనక పొదుపు ఒక్కటే ఉందని నాకనిపించడం లేదు. షోరూం వాళ్లు వేసిచ్చిన బొమ్మ ఒకసారి తీసి చూడండి. అందులో ఆవిడ గ్రైండర్‌కి చోటుందా? ఆవకాయ జాడీలు ఎక్కడ పెడతారు? పాతిక కిలోల బియ్యం డబ్బా? నాకు తెలిసి ఆ బొమ్మల్లో పళ్ల బుట్ట, పూల కుండీ ఉంటాయి గానీ జాడీ ఉండదు. వైర్ బాస్కెట్‌లో జాడీ పట్టదు. పట్టినా దాని బరువుకి బాస్కెట్ జారే ఛానెల్ కొన్నాళ్లకే వంగిపోవచ్చు. మీరు పొద్దున్నే స్కూలుకి వెళ్లిపోతే మధ్యాహ్నం దాకా ఆ వంటింట్లో తిరిగేది ఆవిడే అయి ఉంటారు. తన చోటు పోతుందని నోరు విడిచి చెప్పలేని పెద్దవాళ్లు ఖర్చు మీద పెట్టి మాట్లాడతారు. "అత్తయ్యా, ఇక్కడ మీకు అన్నిటికంటే ఇబ్బంది ఏది?" అని అడిగి, ఆవిడ చెప్పింది మీవారి ముందే రాసుకోండి.

నిజానికి ఆవిడన్న మాటలోనే మీ బడ్జెట్‌కి దారి ఉంది. మీ రాతి అరలు కడప బండలే అయితే పొరపాటున కూడా కొట్టించకండి. వాటికి చెద పట్టదు, నీళ్లకి ఉబ్బవు. షోరూం కిచెన్‌లో డబ్బంతా తలుపులకే కాదు, ఆ తలుపుల వెనక బాక్సులకీ పోతుంది. మీ ఇంట్లో ఆ బాక్సులు రాతితో ఎప్పుడో కట్టే ఉన్నాయి. వాటికి ముందు ఫ్రేము బిగించి తలుపులు పెట్టించుకుంటే, బయటి నుంచి చూసేవాళ్లకి అది మాడ్యులర్ కిచెనే. రెండు మూడు గళ్లలో సొరుగులు, బాస్కెట్లు కూడా పెట్టుకోవచ్చు. ఒకటే జాగ్రత్త, రాతి గళ్లు అన్నీ ఒకే వెడల్పు ఉండవు. అందుకని ప్రతి గడినీ పైనా, కిందా, వెనకా విడివిడిగా కొలిచాకే బాస్కెట్ కొనాలి. ముందే కొనేస్తే అర అంగుళం తేడాతో లోపలికి దూరదు.

ఖర్చు ఏ వరసలో పెట్టాలంటే, గోడలోకి పోయేది ముందు, కంటికి కనిపించేది తర్వాత. సింకు కింద తడి ఎక్కడి నుంచి వస్తోందో తేలకుండా తలుపులు పెడితే, ఆ చీకట్లో బొద్దింకలకి మీరే ఇల్లు కట్టిచ్చినట్టు. పాత ఇనప పైపులుంటే తీయించి సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు వేయించండి. మైక్రోవేవ్‌కి విడిగా 16 ఆంపియర్ల పాయింటు ఉండాలి. మళ్లీ టైల్స్ పగలగొట్టే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి, ఎలక్ట్రీషియన్‌ని ముందే పిలిచి గ్రైండర్, మిక్సీ, ఫ్రిజ్ ఎక్కడెక్కడ పెడతారో చూపించండి.

1,80,000కి నా లెక్క ఇది. ప్లంబింగ్, కరెంటు పనికి 25,000. టైల్స్, రాతి పని 28,000. కింద తలుపులకి 32,000, పైన గోడ కప్‌బోర్డులకి 30,000. సొరుగులు, బాస్కెట్లు ఓ అయిదుకి 22,000. చిమ్నీకి 15,000. మొత్తం 1,52,000. మిగిలిన 28,000 ఎవరికీ చెప్పకుండా పక్కన పెట్టుకోండి. టైల్ పగలగొట్టాక లోపల ఏం బయటపడుతుందో ఏ మేస్త్రీ ముందుగా చెప్పలేడు. మీ ఊళ్లో ఇద్దరు ముగ్గురు కార్పెంటర్ల రేట్లతో ఈ అంకెలు సరిచూసుకోండి. అటూ ఇటూ అవుతాయి. ఎక్కువైతే పై కప్‌బోర్డులు వచ్చే ఏటికి వాయిదా వేయండి గానీ ప్లంబింగ్‌లో తగ్గించకండి.

ఈ లెక్కలో మీవారి వాటా ఏమిటంటే, హాల్లోంచి నేరుగా కనిపించే వరస. ఆ తలుపుల రంగు, హ్యాండిళ్లు, చిమ్నీ ఆయనే ఎంచుకోవాలి. ఆయన తెచ్చిన రంగు మీకు నచ్చకపోయినా ఒప్పుకోండి. చిమ్నీ గొట్టం కిటికీలోంచి బయటికి ఎలా తీయాలో కూడా ఆయనకే వదిలేయండి.

గట్టు ఎత్తు దగ్గర మీ అత్తాకోడళ్లకి ఇంకో పేచీ రాబోతోంది, ముందే చెప్తున్నాను. నిలబడి మోచెయ్యి వంచితే, దానికి బెత్తెడు కిందకి గట్టు ఉంటే నడుం నొప్పి రాదు. మీరిద్దరూ ఒకే ఎత్తు ఉండరు కదా. గట్టు పెంచితే ఆవిడ భుజాలు లాగుతాయి, తగ్గిస్తే మీ నడుం పడుతుంది. స్టవ్వే నాలుగైదు అంగుళాలుంటుంది, దాని మీద గిన్నె. కాబట్టి పొట్టివాళ్లకి ఇబ్బంది పొయ్యి దగ్గరే, పొడుగువాళ్లకి కూరలు తరిగే దగ్గర. ఉన్న ఎత్తు అలాగే ఉంచి, మీరు తరిగే చోట రెండంగుళాల మందం చెక్క వేసుకుంటే ఆ పేచీ తీరుతుంది. ముందు పాత పుస్తకాలు పేర్చి, వాటి మీద చెక్క పెట్టి ఓ కిలో బెండకాయలు తరిగి చూడండి. ఎన్ని పుస్తకాల దగ్గర నడుం హాయిగా ఉందో అదే మీ ఎత్తు.

గట్టు కింద ఒక గడికి మాత్రం తలుపు పెట్టించకండి. అక్కడ చక్రాల బల్ల మీద గ్రైండర్ ఉంటుంది. దాన్ని ఇవతలికి లాగితే అత్తయ్య స్టూల్ వేసుకుని, మోకాళ్లు లోపలికి పెట్టి కూర్చుని చింతపండు గింజలు తీసుకోవచ్చు. సిలిండర్ గడికి తలుపు పెడితే దాని కింది భాగంలో గాలి సందులు ఉండి తీరాలి. గ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే కిందనే పేరుకుంటుంది.

కార్పెంటర్‌తో మాట్లాడేటప్పుడు మీరూ ఉండండి. ప్లైవుడ్ షీటు మీద ఐఎస్ 710 ముద్ర మీ కళ్లతో చూశాకే కోయనివ్వండి. తడికి తట్టుకునే రకం అది. "వాటర్‌ప్రూఫే మేడమ్" అన్న మాట మీద నమ్మి కొనద్దు. సింకు కింది తలుపుకి అదీ వద్దు, చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యూపీసీ బోర్డు పెట్టించండి. సన్‌మైకా 1 మిల్లీమీటరు ఉండాలి, 0.8 అంటగట్టేవాళ్లున్నారు. బాస్కెట్లు తుప్పుకి తట్టుకునే 304 గ్రేడు స్టీలని బిల్లు మీద రాయించుకోండి. అయస్కాంతం పెట్టి చూపించి "అంటుకోలేదు చూడండి, 304" అంటారు. చౌకరకం 202 కూడా మామూలుగా అంటుకోదు, కాబట్టి ఆ పరీక్షకి విలువ లేదు.

చదరపు అడుగు రేటు చెప్పినప్పుడు, ఏది కొలిచి లెక్కేస్తారో అడగండి. కొందరు ముందు భాగం మాత్రమే కొలుస్తారు, కొందరు లోపలి అరలు కూడా కలుపుతారు. మీ ఇంట్లో లోపలి అరలు రాయివి, వాటికి రేటు కట్టకూడదు. డబ్బు నాలుగు దఫాలుగా ఇవ్వండి. చివరి దఫా తలుపులన్నీ సరిగ్గా పడుతున్నాయని వారం రోజులు వాడి చూశాకే. డబ్బు మీది కాబట్టి చెల్లింపులు మీ చేతి మీదుగానే జరగాలి. బేరం మాత్రం మీవారిని ఆడమనండి.

పని జరిగే రోజుల్లో వంట ఎక్కడ అన్నది ఇప్పుడే ఆలోచించండి. హాల్లో ఇండక్షన్ స్టవ్ పెట్టుకోవాల్సి వస్తుంది. అత్తయ్యకి అలవాటు లేకపోతే వారం ముందే కొని, కాఫీ కలపడంతో మొదలుపెట్టించండి. జాడీలు ఎక్కడ పెట్టాలో ఆవిడనే చెప్పమనండి, సిమెంటు దుమ్ముకి వాటి మూతుల మీద రెండు పొరల గుడ్డ కట్టాలి. మేస్త్రీ పదిహేను రోజులంటే మీరు నెల అనుకోండి. పండగ లోపు అయిపోతుందని చెప్పి పండగకి నెల ముందు మొదలుపెట్టే పని ఒప్పుకోకండి. ఆ నెలలో పడే టెన్షన్‌కి మళ్లీ ఏదో ఒక మాట జారుతుంది.