ఖో-ఖో ఆడే అమ్మాయిలకు నిలకడ రావాలంటే వామప్‌లో ఏం చేయించాలి?

మీ బడి ఖో-ఖో జట్టులో అమ్మాయిలు ఒక్కసారిగా మలుపు తిరిగేటప్పుడు తూలిపోతున్నారని, పరికరాలేవీ లేకుండా వామప్‌లో ఏం చేయించవచ్చని అడిగారు. అనంతపురం జిల్లాలో పన్నెండేళ్ళుగా అమ్మాయిలకు ఖో-ఖో, కబడ్డీ నేర్పుతున్నాను. మొదట్లో నా వామప్ అంటే మైదానం చుట్టూ మూడు రౌండ్లు, తర్వాత కాళ్ళు సాగదీయడం, అంతే. ఆ రోజుల్లోనే మా జట్టులో చురుకైన అమ్మాయి ఒకరు స్తంభం దగ్గర తిరుగుతూ కూలబడిపోయింది. ఎవరూ తగల్లేదు, కాలికి ఏదీ అడ్డం రాలేదు. మోకాలిలో ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు (గట్టి నార లాంటిది) తెగింది. ఆ సంవత్సరమంతా ఆమె గట్టు మీద కూర్చుని ఆట చూడటం నేను మరచిపోలేను.

ఎదిగే వయసు ఆడపిల్లల్లో చాలామందికి దూకి దిగినప్పుడు మోకాలు లోపలికి వాలుతుంది. పాదం నేలలో పాతుకుని ఉండగా ఒళ్ళు తిరిగితే ఆ లాగుడంతా ఏసీఎల్ మీద పడుతుంది. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వంటి ఆటల్లో మగపిల్లల కంటే ఆడపిల్లలకు ఈ గాయం రెండు మూడు రెట్లు ఎక్కువ. అందుకే నిలకడను నేను మోకాలిని చూసి కొలుస్తాను. అది పాదం రెండో వేలికి నేరుగా ఉండాలి.

ముందు ఐదారు నిమిషాలు ముందుకు, వెనక్కు, పక్కలకు పరుగు. తర్వాత చెప్పులు, బూట్లు విప్పించి ఒంటికాలి మీద అర నిమిషం నిలబెట్టండి, మోకాలు కొద్దిగా వంచి. మా నేలంతా గట్టి మొరం కాబట్టి గులకరాళ్ళు లేకుండా ఒక మూల ముందే ఊడ్పిస్తాను. నాలుగైదు రోజులకే అది తేలికైపోతుంది. అప్పుడు ఎదురెదురుగా నిలబడి ఒంటికాలిపైనే బంతి విసురుకోమనండి. ఆ తర్వాత జోడీ అమ్మాయి భుజాన్ని మెల్లగా నెట్టాలి. అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

మా పిల్లలకు బాగా నచ్చినది తొక్కుడు బిళ్ళ. సున్నంతో గళ్ళు గీసి, ప్రతి గడిలోనూ ఒంటికాలి మీద ఆగి మూడు లెక్కపెట్టాకే ముందుకు గెంతాలని నియమం పెట్టాను. ఆపైన రెండు కాళ్ళ మీద దూకి దిగడం. అప్పుడు నేను వీపు తిప్పి నిలబడి వింటాను. ధబ్బున చప్పుడు వచ్చిందంటే మోకాళ్ళు వంచకుండా దిగినట్టే, మళ్ళీ దూకాలి. మెత్తగా దిగడం వచ్చాకే ఒంటికాలి మీద దిగనిస్తాను.

ఇదంతా నా సొంత కల్పన కాదు. ఫుట్‌బాల్ ఆటగాళ్ళకు గాయాలు తగ్గించడానికి రూపొందించిన ఫిఫా 11 ప్లస్ వామప్‌లో 15 వ్యాయామాలు ఉంటాయి, మొత్తం పట్టేది 20 నిమిషాలే. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ ఫుట్‌బాల్ అమ్మాయిలతో చేయించి చూసి 2008లో ఫలితాలు ప్రచురించారు. మొత్తం గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. అయితే వారానికి కనీసం రెండుసార్లు చేయాలి. పోటీలకు పది రోజుల ముందు మొదలుపెడితే ప్రయోజనం ఉండదు, జూన్‌లో బడి తెరవగానే మొదలుపెట్టండి.

ఇదివరకే చీలమండ బెణికిన అమ్మాయి ఉంటే ఆ కాలు రెండో కాలి కంటే ముందే వణుకుతుంది, గమనించండి. వాపు పూర్తిగా తగ్గి, డాక్టర్ సరేనన్న తర్వాత ఆ కాలికి రోజూ ఒక విడత ఎక్కువ చేయించండి.