కోసిన పొట్టేలు తొడ ఎందుకు కొయ్యబారుతుంది?

ప్రశ్న: అయ్యవారికి నమస్కారం. మాది కడప. ఇంటర్ బైపీసీ అయినాక మా నాయనతో పాటు మటన్ అంగట్లో కూర్చుంటాండా. తెల్లారుజామున పొట్టేలు కోసి తోలు తీసినాక కూడా తొడకండ అక్కడక్కడా అదురుతా ఉంటాది. పొద్దెక్కేకొద్దీ అదే తొడ కొయ్యబారిపోతాది, వంచినా వంగదు. ప్రాణం పోయినాక కండకు బిగుసుకునే బలం యాడనుంచి వస్తాది? ఎండాకాలం ఇంకా బిరీన బిగుసుకుంటాది, అదెందుకు?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: నాయనా, బిగుసుకోవడానికి బలం కావాలి కదా అని నీ అనుమానం. చచ్చిన కండకు లేనిది వదులయ్యే బలం. ఈ సంగతి పట్టుబడితే మిగతాదంతా సులువు.

అనంతపురంలో నేను జువాలజీ చెప్పినన్నాళ్లూ ఈ పాఠం రోజు అంగడి నుంచి చిన్న కండముక్క తెప్పించేవాణ్ణి. దాన్ని రెండు సూదులతో పోగులుగా చీల్చి, గాజుపలక మీద మిథిలీన్ బ్లూ రంగు చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే, ఒక్కో పోగు మీదా సన్నని అడ్డచారలు కనబడతాయి. ముదురు చార, లేత చార, మళ్లీ ముదురు చార. పుస్తకంలో బొమ్మ బట్టీపట్టిన పిల్లలు కూడా అక్కడ కాసేపు నోరెత్తేవాళ్లు కాదు. ఆ చారల వరసలో మళ్లీ మళ్లీ వచ్చే ఒక్కో భాగమే సార్కోమియర్. పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు. అంటే ఒక మిల్లీమీటరులో దాదాపు 500 పడతాయి.

ప్రతి సార్కోమియర్‌లోనూ రెండు రకాల తంతువులుంటాయి. సన్నవి ఆక్టిన్, లావువి మయోసిన్. కండ ముడుచుకున్నప్పుడు ఈ తంతువులేవీ పొట్టివి కావు. సన్నవి లావువాటి సందుల్లోకి జరుగుతాయి, అంతే. ఈ మాట 1954లో ‘నేచర్’ పత్రిక ఒకే సంచికలో రెండు బృందాలు విడివిడిగా చెప్పాయి. ఆ రెండింటిలోనూ ఒక్కో హక్స్‌లీ ఉన్నాడు. ఇంటిపేరు ఒకటే గానీ చుట్టరికం లేదు.

జరిపేది మయోసిన్ తలలు. ఒక్కో లావు తంతువుకు వందలాది తలలు. బావిలో చేద లాగడం చూసినావు కదా: తాడు పట్టుకుంటాం, లాగుతాం, ఆ చెయ్యి వదిలి మళ్లీ ముందుకు చాపి పట్టుకుంటాం. తల చేసే పనీ అదే. ఆక్టిన్‌ను పట్టుకుని వంగుతుంది, కొన్ని నానోమీటర్లు లాగుతుంది, వదులుతుంది. ఒకటి వదిలినప్పుడు ఇంకొకటి పట్టుకుని ఉంటుంది గనుక తాడు వెనక్కి జారదు.

కీలకం ఆ వదలడంలో ఉంది. లాగేసిన తల దానంతట అది ఊడిరాదు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువొకటి వచ్చి దానికి అంటుకుంటేనే పట్టు సడలుతుంది. ఆ తర్వాత ఏటీపీ విరిగి, ఆ శక్తితో తల మళ్లీ లాగడానికి సిద్ధంగా నిక్కుతుంది. కండ ఎప్పుడు లాగాలో చెప్పేది కాల్షియం. నరం నుంచి కబురు రాగానే కణంలోని సంచుల నుంచి కాల్షియం బయటపడి ఆక్టిన్ మీదుండే ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌కు అంటుకుంటుంది. దాంతో ఆక్టిన్‌ను కప్పి ఉన్న ట్రోపోమయోసిన్ పక్కకు జరిగి తలలకు చోటిస్తుంది. పని అయ్యాక కాల్షియాన్ని తిరిగి సంచుల్లోకి తోడడానికీ ఏటీపీనే ఖర్చు.

ఇక నీ పొట్టేలు దగ్గరికి వద్దాం. గొంతు తెగినా కండ కణాలు వెంటనే చావవు. వాటిలో ఇంకా ఏటీపీ ఉంటుంది, కణపొరలకు చురుకు ఉంటుంది. కత్తి తగిలినా, తెగిన నరం రేగినా కాస్త కాల్షియం బయటికొచ్చి అక్కడ అదురుతుంది. దెయ్యమూ కాదు, పొట్టేలుకు మిగిలిన ప్రాణమూ కాదు. ఈలోపు ఏటీపీ తగ్గకుండా మొదట ఆదుకునేది కండలో శక్తిని దాచి ఉంచే ఫాస్ఫోక్రియాటిన్. దాన్ని 1927లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి గుర్తించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మన పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు ఆయన పేరు ఎత్తకపోవడం నాకైతే తప్పనే తోస్తుంది. అది అయిపోయాక కండలో నిల్వ ఉన్న పిండిపదార్థం గ్లైకోజెన్ ఆక్సిజన్ లేకుండానే విరిగి ఇంకొంచెం ఏటీపీ ఇస్తుంది, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. చివరికి ఏటీపీ నిండుకుంటుంది. కాల్షియం తోడే దిక్కు లేదు, తలలు పోయి ఆక్టిన్‌ను పట్టుకుంటాయి, విడిపించే ఏటీపీ రాదు. తొడ కొయ్యబారడమంటే ఇదే.

వేడికి ఈ రసాయన చర్యలన్నీ వేగమవుతాయి, ఏటీపీ తొందరగా అయిపోతుంది. కడప ఎండల్లో బిరీన బిగుసుకునేది అందుకే. సంత నుంచి ఎండలో నడిపించి తెచ్చి అలుపు తీరకముందే కోసిన పొట్టేలైతే, గ్లైకోజెన్ ముందే కరిగిపోయి ఉంటుంది గనుక ఇంకా త్వరగా బిగుస్తుంది. తర్వాత మాంసం మెత్తబడడం చూసి తలలు పట్టు వదిలాయనుకోవద్దు. కణంలోని ఎంజైములు తంతువుల ఆధారాలను కొరికేస్తాయి.

నీ వ్యాపారానికి పనికొచ్చే మాటొకటి. అదురు తగ్గని మాంసాన్ని నేరుగా డీప్ ఫ్రీజర్‌లో వేయొద్దు. కరిగినప్పుడు కాల్షియం ఒక్కసారిగా బయటపడి కండ గట్టిగా ముడుచుకుంటుంది, రసం కారిపోతుంది, ఎంత ఉడికించినా సాగుతుంది. అట్లని ఎండలో వేలాడదీయమనడం లేదు.

ప్రశ్న: అర్ధరాత్రి పిక్క పట్టేస్తుంది. అది కూడా ఏటీపీ అయిపోవడమేనా సార్?
– ఒక పాఠకురాలు, గుంతకల్లు

జవాబు: కాదమ్మా. బతికున్న పిక్కలో ఏటీపీ అంతగా అయిపోదు. అక్కడ నరం ఆపకుండా కబురు పంపుతూ ఉంటుంది, కండ వింటూ ఉంటుంది. మోకాలు చాపి, కాలివేళ్లను మీ వైపు లాక్కుని పట్టుకోండి. పిక్క సాగి పట్టు సడలుతుంది. తరచూ వస్తుంటే డాక్టరుకు చూపించండి, వాడే మందుల చీటీ కూడా తీసుకెళ్లండి.